డెట్రాయిట్ దగ్గర ఏ ఊళ్ళో ఇల్లు తీసుకోవాలి? ఆ పేరు వింటేనే నాన్నగారు భయపడుతున్నారు

ప్రశ్న (పుణె నుంచి, సొంత ఊరు తెనాలి)

అందరికీ నమస్కారం. వాహనాల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం నాది. మా సంస్థ నన్ను మిషిగన్‌లోని ఆబర్న్ హిల్స్‌కు బదిలీ చేసింది. జూలైలో ప్రయాణం. మావారు, నాలుగో తరగతి పూర్తి చేసిన అమ్మాయి, మూడేళ్ళ బాబు నాతో వస్తున్నారు. మావారికి అక్కడ పనిచేసే అనుమతి ఇప్పట్లో రాదు కాబట్టి కొంతకాలం నా ఒక్క జీతం మీదే ఇల్లు నడవాలి. వచ్చే ఏడాది వేసవికి అత్తయ్యగారు కూడా వస్తారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు.

మా నాన్నగారు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం బోధించి రిటైరయ్యారు. డెట్రాయిట్ అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. కాలిపోయిన ఇళ్ళు, అద్దాలు పగిలిన రైల్వే స్టేషను, ఊరు దివాలా తీసిందన్న వార్తలు, కుళాయి నీళ్ళలో సీసం ఉందన్న కథనాలు, అన్నీ వెతికి వెతికి చూస్తున్నారు. రాత్రి ఫోను చేసి, ‘చిన్నపిల్లలతో అక్కడికా అమ్మా?’ అంటారు. నా దగ్గర జవాబు ఉండదు.

ఆఫీసులో అడిగితే ఒకరు ట్రాయ్ అంటారు, ఒకరు నోవై అంటారు, ఇంకొకరు కాంటన్ అంటారు. ఎందుకని అడిగితే, ‘అక్కడ మనవాళ్ళు ఎక్కువ’ అని ఊరుకుంటారు. నాకు ఆ ఒక్క మాట చాలదు. కారణం చెప్పండి. ఎవరు ఏ ఊళ్ళో ఎందుకు ఉంటున్నారు? డెట్రాయిట్‌కు ఎంత దూరంలో ఉండాలి? అసలు దూరంగా ఉండాలా?

జవాబు (నోవై)

మాది నోవై. ఊరు చాలా బాగుంటుంది. టాఫ్ట్ రోడ్డులో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2025లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు కూడా ఇక్కడే జరిగాయి. జపాన్ కుటుంబాలు ఎక్కువ కాబట్టి మీ అమ్మాయి తరగతిలో కొత్తగా వచ్చి భాష నేర్చుకుంటున్న పిల్లలు తప్పకుండా ఉంటారు, ఒంటరితనం ఉండదు. అయితే ఆఫీసు ఆబర్న్ హిల్స్ అంటున్నారు కాబట్టి నిజం చెప్పాలి. ఇక్కడి నుంచి పాతిక మైళ్ళ దాకా ఉంటుంది, ఉదయం రద్దీలో ముప్పావు గంట. మంచు పడే రోజున ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. డియర్‌బోర్న్‌లో ఉద్యోగమైతే నోవైకో కాంటన్‌కో రమ్మనేవాణ్ణి. మీకు మాత్రం ట్రాయ్ గానీ రోచెస్టర్ హిల్స్ గానీ మేలు.

జవాబు (ట్రాయ్)

అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. సాంఘిక శాస్త్రం మాస్టారికి ‘ఏమీ కాదులెండి’ అని చెబితే సరిపోదు. వివరంగా చెబితే ఆయనకు అర్థమవుతుంది. ఇది ఆయనకు చదివి వినిపించండి.

ఆయన చూసినవన్నీ నిజమే. కాకపోతే అవి ఏ సంవత్సరానివో కూడా చూడాలి. 1950లో డెట్రాయిట్ జనాభా దాదాపు 18.5 లక్షలు. 2020 జనాభా లెక్కల్లో 6.39 లక్షలు. 18 లక్షల మంది కోసం వేసిన వీధులు, కట్టిన ఇళ్ళు, పాతిన నీటి గొట్టాలు మూడో వంతు జనానికి మిగిలాయి. ఖాళీ ఇళ్ళు కాలిపోయింది, వీధి దీపాలు ఆరిపోయింది ఆ లెక్క వల్లే. 2013 జూలైలో నగరం దివాలా పిటిషన్ వేసింది, 2014 డిసెంబరులో అందులోంచి బయటపడింది. ఆయన చూసిన రైల్వే స్టేషను 1988లో మూతపడింది. 2018లో ఫోర్డ్ సంస్థ దాన్ని కొని బాగు చేయించి 2024 జూన్‌లో తెరిచింది. దాని సున్నపురాయి స్తంభాల కింద నిలబడి పైకి చూడటానికే జనం కుటుంబాలతో వెళ్తున్నారు. నేరాల సంగతీ దాచను. 2023లో నగరంలో 252 హత్యలు జరిగాయి. 1966 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2024లో అది 203కు దిగింది. ఆరున్నర లక్షల ఊరికి ఇది ఇప్పటికీ పెద్ద అంకే. కానీ దారి ఎటు పోతోందో మాస్టారు చూడగలరు.

నీళ్ళలో సీసం కథ ఫ్లింట్ నగరానిది. అది డెట్రాయిట్‌కు ఉత్తరంగా సుమారు 65 మైళ్ళ దూరంలో ఉన్న వేరే ఊరు. 2014 ఏప్రిల్‌లో ఆ ఊరు డెట్రాయిట్ నీళ్ళు మానేసి తమ నది నీళ్ళు వాడటం మొదలుపెట్టింది. ఆ నీళ్ళు పాత గొట్టాలను తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. ఆ తప్పును సరిదిద్దడానికి 2015 అక్టోబరులో వాళ్ళు మళ్ళీ డెట్రాయిట్ నీళ్ళకే వచ్చారు. ట్రాయ్‌లో నేను తాగేవీ ఆ వ్యవస్థ నీళ్ళే. డెట్రాయిట్ పేరు చెబితే ముఖం తిప్పుకునే శివారు పట్టణాలు చాలా వరకు ఆ ఊరి గొట్టాల నీళ్ళతోనే వంట చేసుకుంటున్నాయి. ఈ మాట నేను ఇక్కడికి కొత్తగా వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను. ఆ ఊరిని చీడలా చూస్తూ దాని పక్కన బతకడం నాకు నచ్చదు.

ఇక ఇల్లు. ఇక్కడ ఊరి పేరు చూసి ఇల్లు తీసుకోకూడదు. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఏ ఇంటి పిల్లలు ఏ ప్రభుత్వ బడులకు వెళ్ళాలో చెప్పే ప్రాంతం) హద్దు చూసి తీసుకోవాలి. ఈ రెండూ ఒకటి కావు. ట్రాయ్ నగరం లోపలే ట్రాయ్ డిస్ట్రిక్ట్‌తో పాటు ఆవన్‌డేల్, బర్మింగ్‌హామ్, వారెన్ కన్సాలిడేటెడ్ వంటివి కొన్ని ఉన్నాయి. చిరునామాలో ట్రాయ్ అనే ఉంటుంది, పిల్లవాడు వెళ్ళేది వేరే ఊరి బడి. నోవైలోనూ అంతే. కొన్ని వీధులు నార్త్‌విల్‌వి, కొన్ని వాల్డ్ లేక్‌వి, కొన్ని సౌత్ లయన్‌వి. ఇవన్నీ చెడ్డ బడులని కాదు. మీరు ఒకటి అనుకుని వెళ్తే ఇంకొకటి తగలకూడదని చెబుతున్నాను. ఏజెంటు మాట, అద్దె ప్రకటన మాట నమ్మవద్దు. ఆ ఇంటి నంబరు, వీధి పేరు చెప్పి స్కూల్ డిస్ట్రిక్ట్ కార్యాలయానికే ఫోను చేసి అడగండి. ఒక నిమిషం పని. బడిలో చేర్చేటప్పుడు మీరు ఆ హద్దులో ఉంటున్నారని చూపే లీజు లాంటి కాగితం అడుగుతారు, అదీ గుర్తుంచుకోండి.

నగరాన్నీ శివారు బడులనూ వేరు చేసే ఈ హద్దు గీతకు ఇంత బలం ఎందుకు వచ్చిందో మాస్టారికి తప్పక చెప్పాలి. 1941లో డెట్రాయిట్ ఉత్తరపు అంచున, 8 మైల్ రోడ్డుకు దగ్గరలో, ఒక బిల్డరు అర మైలు పొడవున గోడ కట్టించాడు. ఒకవైపు నల్లజాతి కుటుంబాల ఇళ్ళు, రెండోవైపు అతను తెల్లవాళ్ళకు అమ్మదలచిన ఇళ్ళు. ఆ గోడ లేకపోతే ప్రభుత్వ హామీతో రుణాలు వచ్చేవి కావు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు దాని మీద రంగురంగుల బొమ్మలు వేశారు. ఆ తర్వాత ఫ్రీవేలు వచ్చాయి. మీరు రోజూ ఎక్కబోయే ఐ-75 డెట్రాయిట్ నడిబొడ్డుకు చేరే చోట, ఒకప్పుడు హేస్టింగ్స్ స్ట్రీట్ అని నల్లజాతివారి దుకాణాలు, సంగీతశాలలు కిక్కిరిసిన వీధి ఉండేది. దాన్ని పడగొట్టి రోడ్డు వేశారు. కర్మాగారాలు, తెల్లవారి కుటుంబాలు 1950లలోనే బయటికి కదిలాయి. 1967 జూలై అల్లర్లలో 43 మంది చనిపోయారు, వలస మరింత పెరిగింది. నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కలిసి చదివేలా నగరపు బడులనూ 53 శివారు డిస్ట్రిక్టులనూ కలిపి పిల్లలను పంచాలని కింది కోర్టు అంటే, 1974లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి ఆ పథకాన్ని కొట్టివేసింది. గీత దాటక్కర్లేదని తేలిపోయింది. మనం ఇప్పుడు ‘మంచి బడి’ అని వెతుక్కునేది ఆ గీత ఇవతల. పిల్లల కోసం వెతకండి, తప్పు లేదు. ఆ గీతను ఎవరు గీశారో మాత్రం మనకు తెలిసి ఉండాలి.

మీ దారి లెక్క చెబుతాను. ట్రాయ్, రోచెస్టర్ హిల్స్ రెండూ ఆబర్న్ హిల్స్‌ను ఆనుకున్నవే, ఆఫీసుకు ఎక్కువలో ఎక్కువ ఇరవై నిమిషాలు. ట్రాయ్‌లో రోడ్లు గుర్తుపెట్టుకోవడం సులువు. దక్షిణపు హద్దు 14 మైల్. బిగ్ బీవర్ అంటే 16, వాటిల్స్ 17, లాంగ్ లేక్ 18, స్క్వేర్ లేక్ 19. అంకె పెరిగే కొద్దీ మీ ఆఫీసుకు దగ్గరవుతారు. అద్దె అపార్టుమెంట్లు బిగ్ బీవర్, క్రూక్స్ చుట్టుపక్కల ఎక్కువ. భారతీయ టెంపుల్ ఆడమ్స్ రోడ్డులో ఉంది. కాంటన్ మాత్రం వద్దు. మంచి ఊరే, కానీ అక్కడి నుంచి మీకు పూటకు గంట ప్రయాణం.

మొదటి సంవత్సరం అద్దెకే ఉండండి. కొనేటప్పుడు ఒక సంగతి చూడాలి. ఈ రాష్ట్రంలో ఆస్తిపన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా ద్రవ్యోల్బణం కన్నా గానీ 5 శాతం కన్నా గానీ, ఏది తక్కువైతే దానికన్నా పెరగకూడదు. 1994లో వచ్చిన నియమం ఇది. ఇల్లు చేతులు మారగానే ఆ కట్టు తెగిపోతుంది. మరుసటి ఏడాది పన్ను ఇప్పటి మార్కెట్ ధరలో సగం మీద కొత్తగా వేస్తారు. ఇరవై ఏళ్ళుగా ఉన్న పెద్దాయన కట్టే పన్ను రసీదు చూసి ‘ఇంతేనా’ అనుకుంటే, తర్వాతి సంవత్సరం నెలవారీ కంతు ఒక్కసారిగా పెరుగుతుంది. నాకు తెలిసిన కుటుంబాలు ఈ దెబ్బకు సెలవుల ప్రయాణాలు మానుకున్నాయి. అమ్మేవారి రసీదు పక్కన పెట్టి, మీకు ఎంత పడుతుందో ముందే లెక్క వేయించుకోండి.

జవాబు (కాంటన్)

ట్రాయ్ పెద్దాయనగారు అన్నీ చెప్పారు. ఉద్యోగ అనుమతి లేకుండా ఇంట్లో ఉండే మనిషి వైపు నుంచి రెండు మాటలు నేను చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ఆ స్థానం మీ వారిది. నేను ఆ స్థితిలోనే ఇక్కడికి వచ్చాను.

ఇక్కడ కారు లేకపోతే మనిషి ఇంట్లో బందీ. బస్సులు ఉన్నాయి. ట్రాయ్, నోవై, ఆబర్న్ హిల్స్ ఉన్న ఓక్లాండ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికీ బస్సులు నడపడానికి 2022 నవంబరులో ఓటర్లు పన్ను ఒప్పుకున్నారు కూడా. అయినా మూడేళ్ళ బిడ్డను చంకనెత్తుకుని, ఫిబ్రవరిలో, ఉప్పు కలిసిన నల్లటి మంచుబురద అంచున బస్సు కోసం నిలబడటం అయ్యే పని కాదు. మీరు కారులో ఆఫీసుకు వెళ్తే ఆయన, బాబు సాయంత్రం దాకా నాలుగు గోడల మధ్య ఉంటారు. అందుకని అపార్టుమెంటు చూసేటప్పుడు ఫొటోల్లో వంటగది గట్టు రాయి ఏమిటని చూడకండి. గేటు దాటాక కాలిబాట ఉందా, అది లైబ్రరీ దాకానో పార్కు దాకానో తెగకుండా వెళ్తుందా అని కంప్యూటర్లో మ్యాపు తెరిచి వీధి బొమ్మలు ఒక్కొక్కటే చూడండి. మా మొదటి అపార్టుమెంటు ముందు కాలిబాట వంద గజాలు వెళ్ళి గడ్డిలో ఆగిపోయేది. కూరల దుకాణం కంటికి కనిపించేది, వెళ్ళడానికి దారి ఉండేది కాదు. ఆ చలికాలం నేను ఎంత దిగులుపడ్డానో మావారికి కూడా పూర్తిగా తెలియదు. మీ వారికి అలా జరగకూడదు.

కారు బీమా గురించి ఎవరూ ముందు చెప్పరు. ఈ రాష్ట్రంలో బీమా దేశంలోనే బాగా ఖరీదైన వాటిలో ఒకటి. పైగా మన దేశంలో ఎన్నేళ్ళు నడిపినా చాలా సంస్థలు దాన్ని అనుభవంగా లెక్కపెట్టవు. 2020 జూలై నుంచి వైద్య ఖర్చుల భాగంలో ఎంత రక్షణ కావాలో మనమే ఎంచుకోవచ్చు. అంతకు ముందు అందరికీ అపరిమితంగా ఉండేది. డబ్బు మిగులుతుందని అట్టడుగు మెట్టు ఎంచుకోకండి. కుటుంబంలో సంపాదించేది మీరు ఒక్కరే. ఇంటి చిరునామా మారితే బీమా సొమ్ము కూడా మారుతుంది కాబట్టి లీజు మీద సంతకం పెట్టే ముందే రెండు మూడు చోట్ల ధర అడగండి.

అత్తయ్యగారి మోకాళ్ళ మాట చదివి ఇది రాస్తున్నాను. ఇక్కడ వరుస ఇళ్ళలో పడకగదులన్నీ మేడ మీదే ఉంటాయి. కింద ఉండేది వంటగది, కూర్చునే గది, స్నానానికి వీల్లేని చిన్న బాత్‌రూము. మా అమ్మ వచ్చినప్పుడు పొద్దున లేచి కిందికి దిగితే మళ్ళీ రాత్రికి గానీ పైకి ఎక్కేది కాదు. మధ్యాహ్నం సోఫాలో నడుము వాల్చేది. అపార్టుమెంటైతే నేల అంతస్తు అడగండి. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే ఇంకా మంచిది, మంచులో మెట్లు దిగే అవసరం ఉండదు.

మళ్ళీ నేనే (పుణె నుంచి)

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి ట్రాయ్ వారి జవాబు మొత్తం చదివి వినిపించాను. 1974 తీర్పు దగ్గర ఆపించి, ‘మళ్ళీ చదువు’ అన్నారు. సుప్రీంకోర్టులో భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తులు ఎవరని అడుగుతున్నారు. నీళ్ళ భయం పోయింది.

ఇంకో రెండు సందేహాలు. ఆఫీసుకు దగ్గరలో పాంటియాక్‌లో చాలా తక్కువ అద్దెకు ఇల్లు కనిపించింది. ఇక మా జట్టులో ఒక కుర్రాడు డెట్రాయిట్ లోపలే ఉంటాడట, ‘అక్కడికే రండి’ అంటున్నాడు. ఈ రెండింటి గురించి ఏమంటారు?

జవాబు (డెట్రాయిట్, మిడ్‌టౌన్)

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో వైద్యుణ్ణి, మాది వరంగల్. నగరం లోపల ఉండే తెలుగువాళ్ళం తక్కువే, కానీ ఉన్నాం. శనివారం ఉదయం ఈస్టర్న్ మార్కెట్‌లో రైతుల దగ్గర కూరలు కొంటాను. ఆర్ట్ మ్యూజియం ఇంటి నుంచి నడక దూరం. అందులో దియెగో రివేరా 1932, 33ల్లో గోడల నిండా వేసిన కర్మాగారం చిత్రాలున్నాయి. ఒక కార్మికుడి నడుము ఎలా వంగుతుందో ఆయన చూసినట్టు నేను ఎముకల పుస్తకంలో కూడా చూడలేదు. చుట్టుపక్కల మూడు కౌంటీల వాళ్ళకు ప్రవేశం ఉచితం. మీ అమ్మాయిని తప్పక తీసుకురండి.

కానీ ఇల్లు ఇక్కడ తీసుకోమని మీకు చెప్పను. మీ ఆఫీసు ముప్పై మైళ్ళ అవతల. నగరంలో నివసిస్తే జీతం మీద 2.4 శాతం నగర పన్ను ఉంటుంది. బీమా ఇంకా ఎక్కువ. మంచి బడులు ఉన్నాయి, అయితే వాటిని వెతికి, దరఖాస్తు చేసి, సీటు కోసం చూడాలి. కొత్త దేశంలో దిగిన నెలలో అదంతా మీ నెత్తిన వద్దు. మీ జట్టులోని కుర్రాడికి పిల్లలు లేరనుకుంటాను. ఒంటరిగా ఉన్న నాకు ఇది చక్కటి ఊరు. వీధిలో నడిచే జాగ్రత్త ఏ పెద్ద నగరంలోనైనా అవసరమే. ఒక వీధి బాగుండి పక్క వీధి ఖాళీగా ఉండటం మాత్రం ఇక్కడి ప్రత్యేకత, అది తిరిగితేనే తెలుస్తుంది.

జవాబు (ట్రాయ్)

మాస్టారికి నా నమస్కారాలు. ఆ తీర్పులో గట్టిగా భిన్నాభిప్రాయం రాసినవారు థర్గుడ్ మార్షల్. 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పు వచ్చిన కేసును వాదించిన న్యాయవాది కూడా ఆయనే. డగ్లస్, వైట్ కూడా రాశారు, బ్రెనన్ వాళ్ళతో కలిశారు.

పాంటియాక్ పేరు కూడా డెట్రాయిట్ లాగే చెడింది. కారణం కూడా అదే, అక్కడి కార్ల కర్మాగారాలు మూతపడటం. పరాశక్తి ఆలయం ఆ ఊళ్ళోనే ఉంది, పండుగలకు అందరం వెళ్తాం, ఎవరికీ ఏమీ కాలేదు. అయితే అద్దె అంత తక్కువగా ఉంటే చూడకుండా డబ్బు పంపకండి. ఇల్లు ఎవరిదో కౌంటీ రికార్డులో సరిచూడకుండా, లోపలికి మనిషి వెళ్ళి చూడకుండా పైసా కదలకూడదు. మనవాళ్ళు విమానం ఎక్కక ముందే అడ్వాన్సు పంపి పోగొట్టుకున్న సందర్భాలు నాకు తెలుసు. అక్కడ నివసిస్తే నగర పన్ను 1 శాతం కూడా ఉంటుంది. ట్రాయ్‌లో గానీ ఆబర్న్ హిల్స్‌లో గానీ అది లేదు.

నా మాట వింటే ఇలా చేయండి. మొదటి రెండు మూడు వారాలు ఆఫీసుకు దగ్గరలో వంటగది ఉన్న హోటలు గది తీసుకోండి, చాలా సంస్థలు ఆ ఖర్చు ఇస్తాయి. ఈలోగా స్వయంగా తిరిగి ఇల్లు చూడండి. చూసేటప్పుడు బేస్‌మెంట్ (ఇంటి కింది నేలమాళిగ) ఉంటే తప్పక దిగండి. నేల మూలలో మూత వేసిన గుంట, అందులో నీళ్ళు తోడే పంపు ఉంటాయి. కరెంటు పోతే అది నడవడానికి బ్యాటరీ ఉందా అని అడగండి. 2021 జూన్ వానలకు డెట్రాయిట్, డియర్‌బోర్న్ వైపు వేల బేస్‌మెంట్లు మునిగాయి. 2023 ఫిబ్రవరిలో మంచువాన కురిసి చెట్ల కొమ్మలు తీగల మీద పడితే చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. గోడ అడుగున తెల్లటి పొడిలా చారలు కనిపిస్తే నీళ్ళు ఊరుతున్నట్టే, ఆ ఇల్లు వద్దు.

జూలైలో వస్తున్నారు కాబట్టి అమ్మాయి బడి తెరిచేలోపు సమయం ఉంటుంది. టీకాల కాగితాలు, పుణె బడి మార్కుల పత్రాలు చేతిసంచిలో పెట్టుకోండి, లగేజీలో వేయవద్దు. వాటిల్స్‌కు ఉత్తరాన, ట్రాయ్ డిస్ట్రిక్ట్ లోపల, కాలిబాట ఉన్న నేల అంతస్తు అపార్టుమెంటు దొరికితే ఇక ఆలోచించకుండా తీసుకోండి. చిరునామా ఇక్కడ బహిరంగంగా పెట్టకండి. నాకు విడిగా సందేశం పంపితే, ఆదివారం మా ఆవిడా నేనూ వెళ్ళి చూసి వస్తాం.